గోడౌన్లు ఎన్ని, బిన్లు ఎన్ని? స్టాక్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోబోయే చిన్న ఫ్యాక్టరీల కోసం

బాలానగర్‌లో ఒక మెషిన్ షాప్. నాలుగు లేత్‌లు, రెండు సీఎన్‌సీలు (కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు), వెనకాల పొడుగాటి స్టోర్ రూమ్. వాళ్లకి స్టాక్ సాఫ్ట్‌వేర్ పెట్టే పని ఒప్పుకున్నప్పుడు నాకు ఉత్సాహం ఎక్కువ, అనుభవం తక్కువ. టేపు పట్టుకుని ర్యాకులన్నీ లెక్కేశాను. ఎనిమిది ర్యాకులు, ఒక్కోదానికి ఐదు అరలు, అరకి నాలుగు గళ్లు. మొత్తం 160 బిన్లు (సరుకు పెట్టే ఒక్కో గడినీ సాఫ్ట్‌వేర్ భాషలో బిన్ అంటారు). ఎక్సెల్‌లో కోడ్‌లు తయారు చేసి ఒక్క అప్‌లోడ్‌తో ఎక్కించేశాను. స్క్రీన్ మీద చూస్తే ముచ్చటేసింది.

మూడు నెలల తర్వాత వెళ్లి రిపోర్ట్ తీస్తే, ఎ-1-1 అనే ఒక్క గడిలో నాలుగు టన్నుల ఈఎన్8 (ఒక రకం ఉక్కు) రౌండ్ బార్ ఉందని చూపించింది. నిజంగా ఆ అర మీద రెండు వందల కిలోలు పెడితే వంగిపోతుంది.

"అన్నా, ఏంటిది?" అని స్టోర్ కీపర్‌ని అడిగాను.

"బార్లు ర్యాక్‌లో ఎట్ల పడతయ్ సార్? గోడకి ఆనిచ్చి పెడతం. గోడకి మీరు నంబర్ ఇయ్యలే. సేవ్ కావాలంటే ఏదో ఒకటి నొక్కమంటది. పైన ఏదుంటే అది నొక్కిన."

తప్పు ఆయనది కాదు, నాది. ర్యాకుల్ని చూసి బిన్లు కట్టానే గానీ సరుకు ఎలా కదులుతుందో చూడలేదు. ఆ తర్వాత ఎక్కడ పని ఒప్పుకున్నా మొదటి రెండు రోజులు ల్యాప్‌టాప్ తెరవడం మానేశాను. స్టోర్ కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, ఎవరు ఏం అడుగుతున్నారు, ఏది ఎక్కణ్నుంచి తీసిస్తున్నారు అన్నదే చూస్తాను.

సంతకం ఉంటే గోడౌన్, లేకపోతే బిన్

పాత స్టోర్లలో ప్రతి ర్యాక్‌కీ ఒక అట్ట వేలాడేది. బిన్ కార్డు. వచ్చింది ఎంత, ఇచ్చింది ఎంత, మిగిలింది ఎంత అని స్టోర్ కీపర్ చేత్తో రాసేవాడు. అందులో రూపాయి అన్న మాటే ఉండదు. రూపాయల లెక్క స్టోర్స్ లెడ్జర్‌లో, అకౌంట్స్ గదిలో. సాఫ్ట్‌వేర్లు వచ్చాక కూడా ఈ ఏర్పాటు పెద్దగా మారలేదు. చాలా సాఫ్ట్‌వేర్లలో గోడౌన్ దాకా విలువ లెక్క వెళ్తుంది, బిన్ దాకా సంఖ్య మాత్రమే వెళ్తుంది.

ఒక చోటు గోడౌన్ కావాలా, బిన్ చాలా అని తేల్చుకోవడానికి నేను వాడే ప్రశ్న ఒకటే: సరుకు అక్కణ్నుంచి ఇక్కడికి కదిలినప్పుడు ఎవరైనా సంతకం పెట్టాలా? స్టోర్ నుంచి షాప్ ఫ్లోర్‌కి వెళ్తే సూపర్‌వైజర్ ఇష్యూ స్లిప్ మీద సంతకం పెడతాడు. ప్లేటింగ్‌కి వెళ్తే గేటు దగ్గర చలాన్ మీద సంతకం. ఇన్‌వార్డ్ నుంచి, అంటే సరుకు వచ్చి దిగే చోటు నుంచి, స్టోర్‌లోకి రావాలంటే క్యూసీ (నాణ్యత చూసే) వాళ్ల ఓకే. ఇవన్నీ గోడౌన్లే, మధ్యలో గోడ ఉన్నా లేకపోయినా. అదే బేరింగ్ డబ్బా పై అర నుంచి కింది అరకి దిగితే ఎవరి సంతకమూ అక్కర్లేదు. అది బిన్.

ఇది పట్టుకుంటే చాలామంది చేసే రెండు తప్పులు తప్పుతాయి. ఒకటి, ప్రతి గదినీ గోడౌన్ చేసేయడం. పై అంతస్తు స్టోర్, కింది స్టోర్, మెట్ల కింద స్టోర్ అని మూడు పెడతారు. మూడింటికీ తాళం ఒకరి దగ్గరే ఉంటుంది. ఇక రోజూ మూడింటి మధ్య ట్రాన్స్‌ఫర్ ఎంట్రీలు కొట్టడమే పని. రెండోది దీనికి తలకిందులు, దీనివల్ల నష్టం ఎక్కువ: రిజెక్షన్ సరుకుని మెయిన్ స్టోర్‌లోనే ఒక బిన్‌గా పెట్టడం. ఒక చోట అరవై బేరింగులు క్యూసీలో పోయి ఎర్ర డబ్బాలో పడున్నాయి. ఎర్ర డబ్బా సాఫ్ట్‌వేర్ దృష్టిలో మెయిన్ స్టోర్‌లో మరో గడి, అంతే. స్టాక్ ఉందని చూపించింది కాబట్టి పర్చేజ్ వాళ్లు ఆర్డర్ పెట్టలేదు. అసెంబ్లీ రోజు చూసుకుంటే చేతిలో ఒక్కటీ లేదు. వాడకూడని సరుకు వాడే సరుకుతో కలిపి లెక్కకి రాకూడదు, అందుకే రిజెక్షన్, క్యూసీ హోల్డ్ ఎప్పుడూ విడి గోడౌన్‌లో ఉండాలి. హైదరాబాద్ చుట్టూ ఉన్న మందుల కంపెనీల్లో అయితే ఇది మన ఇష్టానికి వదిలిన విషయమే కాదు. మందుల తయారీ నియమాలైన షెడ్యూల్ ఎం ప్రకారం క్వారంటైన్‌లో ఉన్నదీ, పాస్ అయిందీ, రిజెక్ట్ అయిందీ విడివిడిగా ఉండాల్సిందే.

ఎంత లోతుకి వెళ్లాలి?

అన్నిటికన్నా తేలికైంది: ఒకే స్టోర్ గోడౌన్, ఐటెమ్ మాస్టర్‌లో (ఒక్కో ఐటెమ్ వివరాలు ఉండే పేజీలో) "ర్యాక్ నంబర్" అని ఒక గడి. బిన్ ఫీచర్ ఆన్ చేయనే అక్కర్లేదు. ఇష్యూ స్లిప్ ప్రింట్ మీద ఆ నంబర్ వస్తుంది, కుర్రాడు నేరుగా వెళ్లి తెస్తాడు. చోటు మారిస్తే మాస్టర్‌లో ఒక్కసారి మార్చుకుంటే సరి. ఒక్కో ఐటెమ్ ఒక్కో చోటే ఉండే యూనిట్‌కి ఇది చాలు. నేను చూసిన చిన్న యూనిట్లలో చాలావరకు ఇక్కడే ఆగిపోవచ్చు, కానీ బిన్లు కావాలని అడుగుతారు. డెమోలో చూశారు కదా, బాగుంటుంది మరి.

ఒకే ఐటెమ్ రెండు మూడు చోట్ల ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. బ్యాచ్ లేదా హీట్ నంబర్‌తో (ఉక్కు ఏ కరిగింపులో తయారైందో చెప్పే నంబర్) ట్రాక్ చేయాల్సిన సరుకు అయితే అసలే పనికిరాదు. రెండు హీట్‌ల బార్లు పక్కపక్కన పడున్నాయి, కస్టమర్ టెస్ట్ సర్టిఫికెట్ అడిగాడు అంటే ఏది ఎక్కడుందో సాఫ్ట్‌వేర్ చెప్పగలగాలి. అక్కడ నిజమైన బిన్లు కావాలి.

బిన్లలో మళ్లీ రెండు దారులు. స్థిర బిన్ అంటే ఒక్కో ఐటెమ్‌కి సొంత చోటు, వేరేది అక్కడికి రాదు. కుర్రాళ్లకి వారంలో నోటికొచ్చేస్తుంది, స్కానర్ లేకపోయినా నడుస్తుంది. దీనికి మూల్యం జాగా. సరుకు లేనప్పుడు కూడా దాని చోటు ఖాళీగానే ఉండాలి. తేలే బిన్ అంటే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేయడం, ఎక్కడ పెట్టామో సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకోవడం. జాగా బాగా కలిసొస్తుంది. కానీ పెట్టిన మనిషి ఆ క్షణంలోనే స్కాన్ చేయాలి. "సాయంత్రం కూర్చుని ఎక్కిద్దాంలే" అన్నారా, ఆ సరుకు ఫ్యాక్టరీలో ఉన్నా లేనట్టే. బార్‌కోడ్ స్కానర్, స్టోర్ మూలల దాకా వైఫై, రెండూ లేని చోట తేలే బిన్ల జోలికి వెళ్లొద్దు. ఇది నేను సలహాగా కాదు, బతిమాలి చెబుతున్నాను.

బిన్ ఆన్ చేస్తే పడే అదనపు పనిని ముందే లెక్కేసుకోండి. రోజుకి 40 ఇష్యూ స్లిప్పులు, స్లిప్పుకి సగటున 3 ఐటెమ్‌లు అనుకుందాం. 120 లైన్లు. ఒక్కో లైన్‌లో బిన్ వెతికి నొక్కడానికి 20 సెకన్లు పట్టినా రోజుకి 40 నిమిషాలు. ఇది ఇష్యూలకే, ఇన్‌వార్డ్ వేరే. ఆ 40 నిమిషాలు స్టోర్ కీపర్ ఏ పని మానుకుని ఇవ్వాలో ఓనర్ చెప్పగలిగితే పెట్టుకోవచ్చు. చెప్పలేకపోతే ఎ-1-1లో నాలుగు టన్నులు చేరతాయి.

అయితే స్టోర్ అంతటా ఒకే లోతు ఉండాలని రూలేం లేదు. ఈ సంగతి సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్‌లో కనబడదు గానీ పనికొచ్చేది ఇదే. కార్బైడ్ ఇన్సర్టులు పది పది డబ్బాల్లో వస్తాయి, గుప్పెట్లో పట్టే సరుకుకి వేల రూపాయలు. వాటికి సొరుగు సొరుగుకీ నంబర్ ఇవ్వండి. బార్లకి, షీట్లకి "యార్డ్ తూర్పు గోడ" అని ఒక్క బిన్ చాలు, దూరం నుంచే కనబడతాయి. నట్లు, బోల్టులు, వాషర్లకి సాఫ్ట్‌వేర్‌లో బిన్ అసలే వద్దు. రెండు డబ్బాల పద్ధతి పెట్టండి: ముందు డబ్బా అయిపోతే వెనక డబ్బా ముందుకి లాగు, ఖాళీ డబ్బా స్టోర్ టేబుల్ మీద పెట్టు, అదే ఆర్డర్. వాషర్లు లెక్కపెట్టే కంప్యూటర్‌ని చూస్తే నాకు జాలేస్తుంది.

షాప్ ఫ్లోర్ మీద ఉన్న సరుకు ఎవరిది?

ఎక్కువ గొడవలు ఇక్కడే. స్టోర్ నుంచి బయటికి వచ్చి, ఇంకా పార్ట్ కాని సరుకు. దీనికి మూడు పద్ధతులు. మొదటిది, షాప్ ఫ్లోర్ గోడౌనే లేకుండా, పార్ట్ పూర్తయ్యాక బీఓఎం (ఒక పార్ట్‌కి ఏ సరుకు ఎంత పడుతుందో చెప్పే జాబితా) ప్రకారం స్టోర్ స్టాక్ నుంచే దానంతటదే తగ్గించేయడం. దీన్నే బ్యాక్‌ఫ్లష్ అంటారు. రెండోది, మొత్తం షాప్ ఫ్లోర్‌కి ఒక వర్క్ ఇన్ ప్రోగ్రెస్ గోడౌన్. మూడోది, ఒక్కో మెషిన్‌కి, లేదా ఒక్కో సెక్షన్‌కి ఒకటి.

మాటల్లో చెబితే మూడూ బాగున్నట్టే ఉంటాయి కాబట్టి ఒక బార్ తీసుకుని చూద్దాం. 32 ఎంఎం ఈఎన్8 రౌండ్. వర్క్‌షాప్‌లో అందరికీ తెలిసిన లెక్క: డీ స్క్వేర్ బై 162, డీ అంటే ఎంఎంలో బార్ వ్యాసం. 32ని 32తో గుణిస్తే 1024, దాన్ని 162తో భాగిస్తే మీటర్‌కి 6.32 కిలోలు. ఆరు మీటర్ల బార్ దాదాపు 38 కిలోలు. మన పార్ట్ పొడవు 60 ఎంఎం, కటింగ్‌కి 3 పోతుంది, అంటే పీస్‌కి 63. ఇవాళ్టి ఆర్డర్ 50 పీసులు. 3.15 మీటర్లు, సుమారు 20 కిలోలు చాలు. కానీ సూపర్‌వైజర్ స్టోర్‌కి వచ్చి 20 కిలోలు ఇమ్మంటాడా? బార్ ఇమ్మంటాడు. స్టోర్ కీపర్ పూర్తి బార్ ఇస్తాడు. సాయంత్రానికి 50 పీసులు అయిపోయాయి, 2.85 మీటర్ల ముక్క, అంటే 18 కిలోలు, లేత్ పక్కన నిలబడి ఉంది.

మొదటి పద్ధతిలో ఆ 18 కిలోలు ఇంకా స్టోర్‌లోనే ఉన్నట్టు లెక్క. స్టోర్ కీపర్ వెతికితే దొరకదు, నెలాఖరుకి ఆయన మీద షార్టేజ్ పడుతుంది. రెండో పద్ధతిలో, 38 కిలోలు షాప్ ఫ్లోర్ గోడౌన్‌కి ట్రాన్స్‌ఫర్ అయి, అందులోంచి బీఓఎం ప్రకారం 20 కిలోలు ఖర్చయి, మిగతా 18 కిలోలు షాప్ ఫ్లోర్‌లో ఉన్నట్టు చూపిస్తుంది. నిజంగా ఉన్నదీ అక్కడే. సూపర్‌వైజర్ సంతకం పెట్టాడు కాబట్టి బాధ్యత కూడా ఆయనదే. రేపటి పనికి ఆ ముక్క వాడుకోవచ్చు, లేదంటే రిటర్న్ స్లిప్ రాసి స్టోర్‌కి పంపొచ్చు.

మూడో పద్ధతిలో ఇదే ముక్క రేపు పక్క లేత్‌కి వెళ్తుంది. ఎవరూ ఎంట్రీ కొట్టరు. ఆరు నెలలకి ఒక లేత్ దగ్గర మైనస్ స్టాక్, ఇంకో లేత్ దగ్గర లేని స్టాక్. సెక్షన్‌కో ఇన్‌ఛార్జి, ఒకరి సరుకు ఒకరు ముట్టుకోని పెద్ద ఫ్యాక్టరీల్లో తప్ప మూడోది వద్దు.

కాబట్టి బార్, షీట్, కాయిల్ లాంటి, కొలిచి వాడే సరుకుకి రెండో పద్ధతి. లెక్కపెట్టి వాడేవి, పొద్దున తీసుకుంటే సాయంత్రానికల్లా అసెంబ్లీ అయిపోయేవి ఉంటే వాటికి మొదటిది హాయిగా నడుస్తుంది, బీఓఎం నిజమైతేనే. బీఓఎం తప్పుగా ఉన్న చోట బ్యాక్‌ఫ్లష్ పెట్టడమంటే తప్పుని రోజూ ఆటోమేటిక్‌గా చేయించుకోవడమే.

స్క్రాప్‌కి కూడా ఒక గోడౌన్ ఉంచండి. టర్నింగ్ స్క్రాప్, పనికిరాని చివరి ముక్కలు కాటా వేసి అందులోకి తీసుకుంటే, స్క్రాప్ కొనేవాడు వచ్చిన రోజు బిల్లు కొట్టడానికి స్టాక్ ఉంటుంది.

బయటికి వెళ్లిన సరుకు, సరిహద్దు దాటిన సరుకు

ప్లేటింగ్, హీట్ ట్రీట్‌మెంట్, గ్రైండింగ్ బయట చేయించని మెషిన్ షాప్ ఉండదు. జాబ్ వర్కర్ దగ్గరున్న సరుకు ఇంకా మనదే, స్టాక్‌లో మన పేరు మీదే ఉండాలి. అందుకని ఒక్కో జాబ్ వర్కర్‌కి ఒక్కో గోడౌన్. ఇక్కడ "అందరికీ కలిపి ఒకటే పెడదాం, చలాన్‌లో పేరుంటుంది కదా" అంటారు. వినొద్దు. సీజీఎస్టీ చట్టం 143వ సెక్షన్ ప్రకారం జాబ్ వర్క్‌కి పంపిన ముడిసరుకు, విడిభాగాలు ఏడాదిలోపు, క్యాపిటల్ గూడ్స్ మూడేళ్లలోపు వెనక్కి రావాలి, లేదా అక్కణ్నుంచే అమ్ముడవ్వాలి. అలా జరక్కపోతే పంపిన రోజునే అమ్మినట్టు లెక్క కట్టి పన్ను అడుగుతారు. అచ్చులు, డైలు, జిగ్‌లు, ఫిక్చర్లకి ఈ గడువు లేదు. దీనికి సంబంధించిన ఐటీసీ-04 ఫారం టర్నోవర్ 5 కోట్లు దాటితే ఆరు నెలలకోసారి, దాటకపోతే ఏడాదికోసారి వేయాలి. ఎవరి దగ్గర ఎంత, ఎప్పట్నుంచి ఉంది అన్నది ఒక్క రిపోర్ట్‌లో రావాలంటే విడి గోడౌన్లే దిక్కు.

ఇంకోటి మన రెండు రాష్ట్రాల వాళ్లకి. చర్లపల్లిలో ఫ్యాక్టరీ, విజయవాడ ఆటోనగర్‌లో గోడౌన్ ఉందనుకోండి. 2014కి ముందు రెండూ ఒకే రాష్ట్రంలోవి. ఇప్పుడు ఒకే పాన్ అయినా రెండు జీఎస్టీ నంబర్లు, చట్టం దృష్టిలో ఇద్దరు వేర్వేరు వ్యక్తులు. సొంత సరుకు సొంత గోడౌన్‌కి పంపినా పన్ను ఇన్వాయిస్ కొట్టాలి. అదే చర్లపల్లి నుంచి జీడిమెట్లలోని మీ రెండో షెడ్‌కి, రెండూ ఒకే రిజిస్ట్రేషన్‌లో ఉంటే, డెలివరీ చలాన్ చాలు. అంటే సాఫ్ట్‌వేర్‌లో జీడిమెట్ల మామూలు గోడౌన్, విజయవాడ గోడౌన్‌కి మాత్రం సొంత జీఎస్టీ నంబర్, సొంత బిల్ సిరీస్ ఉండాలి. ఇది మొదట్లో పట్టించుకోకుండా ట్రాన్స్‌ఫర్ ఎంట్రీలతో ఏడాది గడిపేసిన చోట, తర్వాత సరిచేయడానికి ఆడిటర్‌కీ నాకూ పట్టిన టెన్షన్ చెప్పనలవి కాదు.

ఏ సాఫ్ట్‌వేర్ ఎంత దూరం వస్తుంది

ట్యాలీప్రైమ్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే మీ దగ్గర అది ఇప్పటికే ఉంటుంది. గోడౌన్ అన్న మన మాటనే వాడుకున్న సాఫ్ట్‌వేర్ అది. మొదట మెయిన్ లొకేషన్ ఒక్కటే ఉంటుంది. ఫీచర్లలో ఒకటికి మించి గోడౌన్లు ఆన్ చేసుకుంటే గోడౌన్ కింద గోడౌన్ పెట్టుకోవచ్చు, థర్డ్ పార్టీ దగ్గరున్న మన స్టాక్‌ని వేరుగా గుర్తుపెట్టొచ్చు. జాబ్ వర్క్‌కి మెటీరియల్ అవుట్, మెటీరియల్ ఇన్ వోచర్లు ఉన్నాయి, తయారీకి మాన్యుఫ్యాక్చరింగ్ జర్నల్ ఉంది. బిన్ అని విడిగా లేదు. సబ్ గోడౌన్లనే బిన్లుగా వాడేవాళ్లని చూశాను, ఇరవై దాటితే వోచర్ కొట్టేవాళ్లు తిట్టుకుంటారు. ఐదారు గోడౌన్లతో సరిపోయే యూనిట్‌కి ట్యాలీ వదిలి వెళ్లాల్సిన పనే లేదని నా అభిప్రాయం.

ఈఆర్‌పీనెక్స్ట్‌లో కంపెనీ తెరవగానే స్టోర్స్, వర్క్ ఇన్ ప్రోగ్రెస్, ఫినిష్డ్ గూడ్స్, గూడ్స్ ఇన్ ట్రాన్సిట్ అని నాలుగు వేర్‌హౌస్‌లు వాటంతటవే వచ్చేస్తాయి. చిన్న యూనిట్‌కి వీటికి రిజెక్షన్, స్క్రాప్, జాబ్ వర్కర్లు కలిపితే సెటప్ అయిపోయినట్టే. ఇందులో బిన్ అనే పేరు కనబడితే మోసపోవద్దు. అది ర్యాక్ గడి కాదు, ఒక ఐటెమ్ ఒక వేర్‌హౌస్‌లో ఎంతుందో దాచుకునే లోపలి రికార్డు. ర్యాక్ బిన్లు కావాలంటే వేర్‌హౌస్ చెట్టులోనే కింద కొమ్మలుగా పెట్టుకోవాలి. అక్కడో మెలిక ఉంది. గ్రూప్ వేర్‌హౌస్‌లో ఎంట్రీలు పడవు, ఎంట్రీలు పడ్డ వేర్‌హౌస్ తర్వాత గ్రూప్‌గా మారదు. "ముందు స్టోర్స్‌తో మొదలుపెట్టి, తర్వాత ర్యాకులుగా చీలుద్దాం" అనుకుంటే దారి మూసుకుపోతుంది. ఎప్పుడైనా చీల్చే ఆలోచన ఉంటే మొదటి రోజే స్టోర్స్‌ని గ్రూప్ చేసి, కింద ఒక్క వేర్‌హౌస్‌తో మొదలుపెట్టండి. పైన చెప్పిన బార్ కథకి ఇందులో ఒక సెట్టింగ్ ఉంది: బ్యాక్‌ఫ్లష్ బీఓఎం ప్రకారమా, ట్రాన్స్‌ఫర్ చేసినదాని ప్రకారమా? రెండోది పెడితే 38 కిలోలూ ఆ 50 పీసుల ఖర్చులోకే పోయి, పీస్ ధర దాదాపు రెట్టింపు కనబడుతుంది. బార్ వాడేవాళ్లు బీఓఎం అనే ఎంచుకోవాలి.

ఓడూలో బిన్లు బాగా అమిరాయి. వేర్‌హౌస్ కింద లొకేషన్లు, వాటి కింద లొకేషన్లు, ఎంత లోతుకైనా. వచ్చిన సరుకు ఎక్కడ పెట్టాలో పుటవే రూల్స్, ఏది ముందు తీయాలో రిమూవల్ స్ట్రాటజీ చెబుతాయి. ముందొచ్చింది ముందు, ఎక్స్‌పైరీ దగ్గరపడింది ముందు, దగ్గరగా ఉన్నది ముందు అని ఎంచుకోవచ్చు. తయారీని ఒక అడుగులో, రెండు అడుగుల్లో, మూడు అడుగుల్లో నడిపే ఎంపిక వేర్‌హౌస్ సెట్టింగ్‌లోనే ఉంటుంది. మూడు అడుగులు చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది గానీ, ఒక్కో ఆర్డర్‌కి సామాను తీయడం, తయారీ, లోపల పెట్టడం అని మూడు డాక్యుమెంట్లు మూసుకుంటూ పోవాలి. ఇరవై మంది లేని యూనిట్‌కి అంత వద్దు, ఒకటి లేదా రెండు. ఇక్కడ జాగ్రత్తపడాల్సింది రిజెక్షన్ లొకేషన్. దాన్ని మెయిన్ స్టాక్ లొకేషన్ కింద పెడితే అందులో సరుకు కూడా ఆర్డర్లకి రిజర్వ్ అయిపోతుంది. అదే ఎర్ర డబ్బా కథ మళ్లీ. స్టాక్ కొమ్మకి బయట, పక్క కొమ్మగా పెట్టండి.

ఎస్‌ఏపీ బిజినెస్ వన్‌లో 9.0 వెర్షన్ నుంచి బిన్ లొకేషన్లు ఉన్నాయి. వేర్‌హౌస్ కోడ్ తర్వాత నాలుగు సబ్ లెవెల్స్ దాకా కలిపి బిన్ కోడ్ అదే తయారు చేస్తుంది. ఏ వేర్‌హౌస్‌కి కావాలంటే దానికే బిన్లు ఆన్ చేయొచ్చు, ఇది నాకు నచ్చిన సంగతి: టూల్ క్రిబ్‌కి (పనిముట్లు ఉంచే గదికి) ఆన్, బార్ యార్డ్‌కి ఆఫ్. ఆన్ చేయగానే సిస్టమ్ బిన్ అని ఒకటి దానంతటదే పుడుతుంది. అందులో సరుకు పేరుకుంటోందా అని వారానికోసారి చూస్తే మీ స్టోర్ ఆరోగ్యం తెలిసిపోతుంది.

మైక్రోసాఫ్ట్ బిజినెస్ సెంట్రల్ గురించి క్లుప్తంగా: లొకేషన్ కార్డులో బిన్ తప్పనిసరి చేయొచ్చు, ప్రొడక్షన్‌కి వెళ్లే బిన్, ప్రొడక్షన్ నుంచి వచ్చే బిన్, ఓపెన్ షాప్ ఫ్లోర్ బిన్ అని విడిగా చెప్పొచ్చు. ఏది ఎక్కడ పెట్టాలో, ఎక్కణ్నుంచి తీయాలో అదే చెప్పే పూర్తి స్థాయి పద్ధతీ ఉంది. వేర్‌హౌస్ మేనేజర్ అని ఒక మనిషి జీతానికి ఉన్న కంపెనీలకి.

కోడ్ రాసేటప్పుడు

ర్యాక్‌కి అక్షరం పెట్టి, అర, గడి నంబర్లు రెండంకెల్లో రాయండి: ఎ-01-03. ఒక్క అంకెలో రాస్తే సాఫ్ట్‌వేర్ వరసలో 1 తర్వాత 10, 11 వచ్చి, 2 ఎక్కడో కింద పడుతుంది. అరల్ని నేల నుంచి పైకి లెక్కపెట్టండి, రేపు పైన ఇంకో అర బిగిస్తే పాత నంబర్లు చెదరవు. సున్నాలా కనబడే ఓ, ఒకటిలా కనబడే ఐ అక్షరాల్ని వదిలేయండి. ఐటెమ్ పేరుని, మనిషి పేరుని కోడ్‌లోకి తీసుకురావొద్దు. "రమేష్ ర్యాక్" అని పెట్టిన చోట ఆ మనిషి మానేసి నాలుగేళ్లయినా ర్యాక్ పేరు అదే. మరీ ముఖ్యంగా, గోడలకి, మూలలకి, మెట్ల కిందకి, గేటు పక్క ఖాళీకి కూడా నంబర్ ఇవ్వండి.

నేనైతే

ఒక షెడ్, ఒక స్టోర్ కీపర్, ఐదు వందల లోపు ఐటెమ్‌లు ఉంటే: స్టోర్, షాప్ ఫ్లోర్, ఫినిష్డ్ గూడ్స్, రిజెక్షన్, స్క్రాప్, జాబ్ వర్కర్లకి తలా ఒకటి. బిన్లు లేవు, ర్యాక్ నంబర్ మాస్టర్‌లో. ట్యాలీ అయినా, ఈఆర్‌పీనెక్స్ట్ అయినా సరే.

హీట్ నంబర్లు, బ్యాచ్‌లు, కస్టమర్ ఆడిట్‌లు ఉంటే, విమాన విడిభాగాలో మందులో చేస్తుంటే: పై గోడౌన్లన్నీ, వాటికి తోడు క్యూసీ హోల్డ్, బ్యాచ్ సరుకు ఉన్న చోట మాత్రం స్థిర బిన్లు. ఓడూ, బిజినెస్ వన్ ఈ కొలతకి సరిపోతాయి. ఈఆర్‌పీనెక్స్ట్‌తోనూ నడుస్తుంది, చెట్టు ముందే గీసుకుంటే.

రెండు రాష్ట్రాల్లో గోడౌన్లు, స్కానర్లు, షిఫ్టుకో స్టోర్ కీపర్ ఉన్నవాళ్లు తేలే బిన్ల గురించి ఆలోచించొచ్చు. అయినా నేను మొదటి ఆరు నెలలు స్థిర బిన్లతోనే నడిపిస్తాను.

ఏది పెట్టినా మార్చి 31 లెక్కింపుతో కలిపి మొదలుపెట్టండి, ఎలాగూ ఆ రోజు అన్నీ లెక్కపెట్టాల్సిందే. అంతకు రెండు వారాల ముందే ర్యాకుల మీద నంబర్లు పెయింట్ వేయించి, ఇష్యూ స్లిప్పుల మీద చేత్తో బిన్ నంబర్ రాయించి చూడండి. పది రోజులైనా ఎవరూ రాయకపోతే ఆ బిన్లు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించొద్దు.

బాలానగర్ షాపులో ఇప్పుడు ఉన్నవి పదకొండు బిన్లు. అందులో మూడు గోడలు.